బాగ్దాదు బీజగణితం - భాషల సమీకరణాలు



మన పిల్లలు లెక్కలు ఒక అయ్యవారి దగ్గర, వ్యాకరణం ఇంకొక అయ్యవారి దగ్గర చదువుతారు. లెక్కల్లో గట్టివాడు తెలుగు వాచకం తీయడు. భాషలో గట్టివాడికి లెక్కలంటే ఆమడ దూరం. పదవ తరగతి దాటగానే మనమే వాళ్ళను రెండు దారుల్లోకి విడదీసి పంపిస్తాము. కాని ఈ రెండు చదువులకూ నడుమ చాలా పాత చుట్టరికం ఒకటి ఉన్నది. భాష నియమాలను సమీకరణంగా రాసి, బీజగణితంలో మాదిరి విప్పవచ్చునని 1960 దశాబ్దంలో పండితులు చూపించినారు. ఈనాడు కంప్యూటరుకు మనం రాసే ప్రతి ఆదేశాన్నీ ఆ యంత్రం అర్థం చేసుకునేది ఆ విద్య ఆధారంగానే.

ఆ కథ బస్రా, బాగ్దాదు నగరాల్లో మొదలై, పారిస్, అమెరికాల మీదుగా నడిచి, ఒక తెలుగు ఇంటిపేరు దగ్గరకు చేరుతుంది. మధ్యలో మన నంద్యాల కూడా తగులుతుంది. దానిని వీలైనంత సులభంగా ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మాటలను లెక్కపెట్టిన ఖలీల్

క్రీస్తు శకం ఎనిమిదవ శతాబ్దంలో బస్రా నగరంలో ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అనే పండితుడు ఉండేవారు. అరబ్బీ ఛందస్సుకు శాస్త్రం కట్టినది ఆయనే. గజల్ రాసే మన ఉర్దూ కవులు ఈనాటికీ తూకం చూసుకునే 'అరూజ్' ఆయన పెట్టిన భిక్షే. అరబ్బీ వ్యాకరణానికి మూలగ్రంథమైన 'అల్-కితాబ్' రాసిన సీబవైహ్ ఆయన శిష్యుడే.

ఖలీల్ గారు అరబ్బీకి ఒక నిఘంటువు తలపెట్టినారు. దాని పేరు 'కితాబుల్ ఐన్'. వినవచ్చిన మాటలు వినవచ్చినట్లు రాసుకుంటూ పోతే ఏ మాట జారిపోయిందో తెలిసేదెట్లా? అందుకని ఆయన ముందు అక్షరాలను పట్టుకున్నారు. అరబ్బీలో అక్షరాలు 28. ఏ అక్షరమూ రెండుసార్లు రాకుండా రెండు అక్షరాల ధాతువులు 28 × 27, అంటే 756 అవుతాయి. మూడక్షరాలవి 19,656. నాలుగక్షరాలవి 4,91,400. అయిదక్షరాలవి 1,17,93,600. అన్నీ కలిపితే 1,23,05,412. ఈ సంఖ్యను పాత అరబ్బీ గ్రంథాలు ఖలీల్ పేరు మీదనే చెబుతాయి. పిల్లలు కావాలంటే గుణించి చూసుకోవచ్చు.

ఒక ఉదాహరణ చూడండి. క-త-బ అనే మూడు అక్షరాలను ఆరు రకాలుగా పేర్చవచ్చు. ఆ ఆరింటినీ ఒకేచోట పెట్టి, వీటిలో జనం వాడేవి ఏవి, వాడనివి ఏవి అని ఖలీల్ గారు విడదీస్తారు. కితాబ్, కాతిబ్, మక్తబ్ అని మనం రోజూ అనే మాటలన్నీ ఆ ఒక్క ధాతువు బిడ్డలే. మన తెలుగు ఛందస్సులో కూడా ఇట్లాంటి లెక్కే ఉన్నది. గురువు, లఘువు రెండే. మూడు స్థానాల్లో వాటిని మార్చి మార్చి పెడితే 2 × 2 × 2, అంటే ఎనిమిది గణాలు. తొమ్మిదవ గణం కోసం ఎవరూ వెతకనక్కరలేదు.

వారసత్వపు పంపకాల నుండి అల్-జబ్ర్

ఖలీల్ తర్వాత ఒక తరానికి, బాగ్దాదులో ఖలీఫా అల్-మామూన్ (పాలన 813-833) కాలంలో, ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్-ఖ్వారిజ్మీ ఒక పుస్తకం రాసినారు. దాని పేరులో 'అల్-జబ్ర్ వల్ ముఖాబలా' అని ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళ ఆల్జీబ్రా ఆ జబ్రే. ఉర్దూలో జబ్ర్ అంటే బలవంతం అని వాడుక. అరబ్బీలో విరిగిన ఎముకను కట్టి చేర్చడం కూడా జబ్రే. సమీకరణంలో ఒకవైపు ఏదైనా తీసివేత ఉంటే, దానిని రెండవవైపు కలిపి వెలితిని పూడ్చడమే ఇక్కడి జబ్ర్. రెండువైపులా ఉన్న ఒకే రకం వాటిని సరిచూసి కొట్టివేయడం ముఖాబలా.

ఆయన ఇచ్చిన లెక్క ఒకటి ఇది: ఒక 'మాల్' (వర్గం) విలువ నలభై 'షై'లలో నాలుగు మాల్‌లు తక్కువ. ఆ నాలుగు మాల్‌లను ఇవతలికి చేరిస్తే అయిదు మాల్‌లు నలభై షైలు అవుతాయి. అంటే ఒక మాల్ ఎనిమిది షైలు. కాబట్టి షై ఎనిమిది, మాల్ 64. షై అంటే 'వస్తువు' అని మన ఇండ్లలో అందరికీ తెలిసిన మాటే. తెలియని రాశికి ఆయన పెట్టిన పేరు అంత సామాన్యమైనది. పుస్తకంలో గుర్తులు లేవు. లెక్కలన్నీ మాటల్లోనే ఉంటాయి. పుస్తకంలో పెద్ద భాగం ఆస్తి పంపకాలకు, వీలునామాలకు సంబంధించినది. కొడుకుకు ఎంత, కూతురుకు ఎంత, భార్యకు ఎంత అని న్యాయంగా తేల్చడానికి ఈ విద్య పనికివచ్చింది.

1145లో చెస్టర్ రాబర్ట్ అనే ఇంగ్లీషు పండితుడు స్పెయిన్ దేశపు సెగోవియాలో దీనిని లాటిన్ లోకి మార్చినారు. అల్-ఖ్వారిజ్మీ పేరే లాటిన్ నోట్లో అరిగి 'అల్గారిదం' అయింది. ఈ మాటను గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

వాక్యాలకు లెక్క ఏది?

ధాతువులను ఖలీల్ గారు కోటి ఇరవై మూడు లక్షలని లెక్కతేల్చినారు. మరి వాక్యాలను? వాక్యాలకు అంతులేదు. ఎందుకో మన తెలుగులోనే చూడవచ్చు.

'సలీం వస్తాడు' అన్నది ఒక వాక్యం. దానిని రసూలు నోట పెడితే, 'రసూలు, సలీం వస్తాడని అన్నాడు' అవుతుంది. దానిని కరీం నోట పెడితే, 'కరీం, రసూలు, సలీం వస్తాడని అన్నాడని చెప్పినాడు' అవుతుంది. పేర్లు కరీం, రసూలు, సలీం అనే వరుసలో వచ్చినాయి. క్రియలు తలకిందులుగా, సలీముది ముందు, కరీముది చివర వచ్చినాయి. డబ్బాలో డబ్బా, దానిలో ఇంకొక డబ్బా ఉన్నట్లు. ఆత్మకూరు నుండి అడవి దారిన బైర్లూటి దాటి దోర్నాల పోయి అదే దారిన తిరిగి వచ్చేవాడికి, చివర దాటిన ఊరే ముందు ఎదురవుతుంది గదా, ఇదీ అంతే. ఎన్ని పొరలైనా పెట్టవచ్చు, నియమం మాత్రం ఒక్కటే: వాక్యంలో వాక్యం ఇమడవచ్చు.

కథలకు కూడా ఈ గుణం ఉన్నది. 2022 నుండి మన జిల్లాకు పేరైన నంద్యాలను పదహారవ శతాబ్దంలో ఏలిన కృష్ణరాజుకు పింగళి సూరన 'కళాపూర్ణోదయం' అంకితమిచ్చినాడు. అందులో కథలో కథ, ఆ కథలో మరొక కథ. తెరిచిన ప్రతి కథనూ కవి తిరిగి మూసుకుంటూ వస్తాడు. ఆ సూరనే 'రాఘవపాండవీయం' కూడా రాసినాడు. అందులో ప్రతి పద్యాన్నీ ఒక రకంగా విడదీస్తే రామాయణం, ఇంకొక రకంగా విడదీస్తే భారతం. ఒకే మాటల వరుసకు రెండు కట్టుబాట్లు అన్నమాట. పొరలో పొర, ఒకే వరుసకు రెండు అర్థాలు, ఈ రెండూ మన కథకు పట్టుకొమ్మలు.

1956 నుండి 1963 దాకా

అంతులేని వాక్యాలను కొద్ది నియమాలతో పట్టుకోవడం కొత్త ఆలోచన కాదు. సంస్కృతానికి పాణిని సుమారు 4,000 సూత్రాల్లో ఆ పని చేసినాడు. దానిని గణితంగా మార్చే పని మాత్రం ఇరవయ్యవ శతాబ్దంలో జరిగింది.

అమెరికాలో స్టీఫెన్ క్లీనీ అనే తర్కవేత్త 1956లో ఒక రాత పద్ధతి ప్రకటించినారు. అందులో పనులు మూడే. 'ఇది గాని అది గాని' అనడానికి కూడిక, 'దీని వెంట అది' అనడానికి గుణకారం, 'ఎన్నిసార్లైనా మళ్ళీ' అనడానికి నక్షత్రం గుర్తు. జపమాల తిప్పినట్లు ఒకే వరుసలో తిరిగే వాటిని ఇది చక్కగా చెబుతుంది. కాని తెరిచిన డబ్బాలు ఎన్నో అన్నే మూసినామా అని లెక్క చూడటం దీనివల్ల కాదు.

అదే 1956లో నోమ్ చోమ్‌స్కీ వ్యాకరణాలను మెట్లుగా విడదీసినారు. అందులో క్లీనీ మెట్టు పైన ఉన్నదే 'కాంటెక్స్ట్ ఫ్రీ' వ్యాకరణం. పక్కన ఏ మాట ఉన్నదన్న దానితో పనిలేకుండా నియమం వర్తించడమే ఆ పేరుకు అర్థం. వాక్యంలో వాక్యం ఇమడడం ఈ మెట్టు మీద సాధ్యం. కొద్ది ఏండ్లకే జాన్ బాకస్, పీటర్ నౌర్ అనే ఇద్దరు ఒక కంప్యూటరు భాష వ్యాకరణాన్ని సరిగ్గా ఈ పద్ధతిలో రాసినారు. 1960లో ప్రకటించిన ఆ భాష పేరు ఆల్గాల్. అల్గారిదం భాష అని దాని అర్థం. అంటే ఈ కొత్త వ్యాకరణం ఎక్కిన మొదటి ప్రసిద్ధ భాషలో అల్-ఖ్వారిజ్మీ పేరు దాగి ఉన్నదన్నమాట. ఈ రాత పద్ధతికి పాణిని పేరు కూడా కలపాలని పీటర్ ఇంగర్‌మన్ 1967లో ఒక లేఖ రాసినారు.

ఆ మీదట 1962లో గిన్స్‌బర్గ్, రైస్ అనే ఇద్దరు, ఇట్లాంటి వ్యాకరణం నిజానికి ఒక సమీకరణాల జట్టు అనీ, ఆ భాష దానికి జవాబు అనీ చూపించినారు. 1963లో చోమ్‌స్కీ, ఫ్రాన్సుకు చెందిన మార్సెల్-పాల్ షూట్జెన్‌బర్గర్ కలిసి కాంటెక్స్ట్ ఫ్రీ భాషల బీజగణిత సిద్ధాంతాన్ని ప్రకటించినారు. షూట్జెన్‌బర్గర్ వైద్యం కూడా చదివిన గణితవేత్త. వీళ్ళు ప్రతి వాక్యానికీ పక్కన ఒక సంఖ్య పెట్టినారు. ఆ వాక్యాన్ని ఎన్ని రకాలుగా కట్టవచ్చునో ఆ సంఖ్య చెబుతుంది. 'పాత పుస్తకాల అంగడి' అంటే పాత పుస్తకాలు అమ్మే అంగడి కావచ్చు, పుస్తకాలు అమ్మే పాత అంగడి కావచ్చు. కాబట్టి దాని సంఖ్య 2. రాఘవపాండవీయం పద్యానికి కూడా పండితులు 2 అనే వేస్తారేమో!

బ్రాకెట్ల భాష, ఖ్వారిజ్మీ అయిదవ రకం

ఇక సమీకరణాన్ని నేరుగా చూద్దాము. లెక్కల్లో మనం వాడే బ్రాకెట్లను మాత్రమే తీసుకుందాము. తెరిచినది ప్రతిదీ సరిగా మూయాలి. ఇట్లాంటి సరైన వరుసలన్నింటినీ కలిపి 'స' అందాము. ఏమీ రాయకపోవడాన్ని 1 అందాము. అప్పుడు,

స = 1 + (స)స

అంటే, సరైన వరుస ఏదైనా ఖాళీగా ఉండాలి, లేదా ఒక బ్రాకెట్టు తెరిచి, లోపల సరైన వరుస పెట్టి, మూసి, తర్వాత ఇంకొక సరైన వరుస రాయాలి. కుడివైపు కూడా స ఉన్నది గదా, ఎట్లా విప్పేది? ఏమీ లేని దగ్గర మొదలుపెట్టాలి. కుడివైపు స స్థానంలో ఏ వరుసా లేదనుకుంటే 1 మాత్రం మిగులుతుంది. ఆ 1ని తిరిగి కుడివైపు వేస్తే 1, () వస్తాయి. వాటిని మళ్ళీ వేస్తే ()(), (()), (())() కూడా చేరతాయి. ఇట్లా పెరుగుతూ పోయి చేరే మొత్తమే జవాబు. సమీకరణాన్ని నిలబెట్టే వాటిలో అన్నిటికంటె చిన్నది అదే.

ఇప్పుడు వరుసలు ఏవి అని కాక, ఎన్ని అని అడుగుదాము. ఒక్కొక్క జతకు 'య' అని గుర్తు పెడితే సమీకరణం ఇట్లా మారుతుంది:

స = 1 + య × స × స

అంటే, కొన్ని వర్గాలు, ఒక సంఖ్య కలిస్తే మూలాలకు సమానం. అల్-ఖ్వారిజ్మీ గారు సమీకరణాలను ఆరు రకాలు చేసినారు. అందులో అయిదవది సరిగ్గా ఇదే. ఆయన ఇచ్చిన ఉదాహరణలో మాల్‌కు 21 కలిపితే పది మూలాలు. పదిలో సగం 5, దాని వర్గం 25, అందులో 21 తీస్తే 4, దాని మూలం 2. అయిదులో రెండు తీస్తే 3, కలిపితే 7. రెండూ జవాబులే. ఆరు రకాల్లో రెండు జవాబులు వచ్చేది ఈ ఒక్కటేనని ఆయన గుర్తించినారు.

మన బ్రాకెట్ల సమీకరణానికి కూడా రెండు జవాబులు. య స్థానంలో 2/9 వేసి చూడండి. స ఒకటిన్నర అయినా సరిపోతుంది, 3 అయినా సరిపోతుంది. భాష లెక్కకు పనికివచ్చేది చిన్నది, ఒకటిన్నర. ఏమీ లేని దగ్గర మొదలై పెరిగేది అక్కడికే చేరుతుంది. పన్నెండు వందల ఏండ్ల నాటి ఆస్తి పంపకాల పుస్తకంలోని పద్ధతి ఈనాటి వ్యాకరణ సమీకరణాన్ని మార్పు లేకుండా విప్పుతున్నది.

ఈ బ్రాకెట్లు కేవలం ఆటవస్తువులు కావు. ఎంత చిక్కు కాంటెక్స్ట్ ఫ్రీ భాషనైనా, పలురకాల బ్రాకెట్ల భాషను తీసుకుని, క్లీనీ పద్ధతి జల్లెడ పట్టి, గుర్తుల పేర్లు మార్చి పొందవచ్చునని చోమ్‌స్కీ, షూట్జెన్‌బర్గర్ నిరూపించినారు. ప్రతి భాష అడుగునా తెరవడం, మూయడం అన్నదే ఉన్నది.

తాడేపల్లి వారి సంఖ్యలు

ఒక జత బ్రాకెట్లతో సరైన వరుస 1, రెండు జతలతో 2, మూడింటితో 5, నాలుగింటితో 14, అయిదింటితో 42. వీటిని కాటలాన్ సంఖ్యలు అంటారు. పాత అంగడి సంఖ్య కూడా ఇందులోనిదే. మూడు మాటలను జతలు జతలుగా కట్టడానికి 2 రకాలు. 'పాత ఇనుప సామాన్ల అంగడి' అని నాలుగు మాటలైతే, అర్థం సంగతి అట్లుంచి, కట్టడానికి 5 రకాలు.

ఇక్కడ మన తెలుగు పేరు వస్తుంది. తాడేపల్లి వెంకట నారాయణ (1930-1987) కెనడా దేశంలో అల్బర్టా విశ్వవిద్యాలయంలో పనిచేసిన గణితవేత్త. తాడేపల్లి కృష్ణా తీరంలో ఉన్న ఊరి పేరని మనకు తెలియనిది కాదు. ఆయన 1955లో పారిస్ శాస్త్ర అకాడమీ పత్రికలో ఫ్రెంచి భాషలో ఒక చిన్న వ్యాసం ప్రకటించినారు. అందులోని సంఖ్యలను ఈనాడు ప్రపంచమంతా నారాయణ సంఖ్యలు అంటుంది. గళ్ళ కాగితం మీద ఎక్కుతూ దిగుతూ నడిచే దారులను లెక్కించే విద్య మీద ఆయన రాసిన పుస్తకాన్ని 1979లో టొరంటో విశ్వవిద్యాలయం అచ్చువేసింది. బ్రాకెట్టు తెరవడం ఒక మెట్టు ఎక్కడం, మూయడం ఒక మెట్టు దిగడం అనుకుంటే ఆ దారులూ మన బ్రాకెట్లూ ఒకటే.

ఆయన సంఖ్యలు చేసే పని ఇది. మూడు జతల వరుసలు అయిదు: ()()(), ()(()), (())(), (()()), ((())). వీటిలో లోపల ఏమీ లేని జతలు, అంటే శిఖరాలు, ఎన్ని ఉన్నాయో చూడండి. ఒకే శిఖరం ఉన్నది 1, రెండు ఉన్నవి 3, మూడు ఉన్నది 1. కాబట్టి 5 అన్నది 1 + 3 + 1గా విడిపోయింది. నాలుగు జతల 14 అట్లే 1 + 6 + 6 + 1. అయిదు జతల 42 అయితే 1 + 10 + 20 + 10 + 1. కాటలాన్ సంఖ్య మొత్తం చెబితే, నారాయణ సంఖ్య ఆ మొత్తాన్ని వాటాలు వేసి చూపిస్తుంది. ఇదీ ఒక పంపకమే.

ఒక నిజం చెప్పుకోవాలి. ఈ సంఖ్యలను నారాయణ గారికంటె సుమారు నలభై ఏండ్ల ముందే మెక్‌మహన్ అనే ఆంగ్ల గణితవేత్త చూసినారు. అయినా లోకంలో నిలిచిన పేరు నారాయణ గారిది. ఆల్జీబ్రా సంగతి కూడా అంతే. అల్-ఖ్వారిజ్మీ కంప్యూటరును కనిపెట్టలేదు, వ్యాకరణానికి సమీకరణం రాయలేదు. మనవాళ్ళు అన్నీ ఎప్పుడో కనిపెట్టినారని గొప్పలు పోతే వారి గౌరవం పెరగదు. వారు చేసినది చేసినట్లు చెబితే అదే చాలా గొప్ప.

ఈ విద్యకు హద్దులు

వ్యాకరణ సమీకరణాన్ని క్లీనీ రాతలాగా ఒకే వరుసలో రాయగలమా అని పండితులు ఆలోచించినారు. 1971లోనే గ్రుస్కా, మెక్‌వర్టర్, ఇంటెమా ముగ్గురు తలా ఒక పద్ధతి ప్రకటించినారు. 1991లో జర్మనీకి చెందిన హాన్స్ లైస్ 'ఈ సమీకరణానికి అన్నిటికంటె చిన్న జవాబు' అనే గుర్తును క్లీనీ బీజగణితంలో చేర్చి సూత్రాలు కట్టినారు.

అయినా ఒక గోడ ఉన్నది. రెండు వ్యాకరణాలు ఇస్తే, ఆ రెండూ ఒకే భాషను పుట్టిస్తాయా లేదా అని ప్రతిసారీ తేల్చి చెప్పే పద్ధతి ఏదీ ఉండబోదని 1961లో బార్-హిల్లెల్, పెర్లెస్, షమీర్ నిరూపించినారు. క్లీనీ రాతల విషయంలో అట్లా తేల్చవచ్చు, దానికి కొద్ది సూత్రాలు చాలునని డెక్స్‌టర్ కోజెన్ చూపించినారు. కాంటెక్స్ట్ ఫ్రీ భాషల సమానత్వాలన్నింటినీ పట్టుకునే సూత్రాలను 2013లో గ్రాత్‌వోల్, హెంగ్లైన్, కోజెన్ కట్టినారు. అందులో అంతులేని షరతులు అడిగే సూత్రం ఒకటి పెట్టక తప్పలేదు. మనుషుల భాషలు కూడా ఈ చట్రంలో పూర్తిగా ఇమడవు. స్విస్ జర్మన్ భాషలో క్రియలు తలకిందులుగా కాక పేర్ల వరుసలోనే వస్తాయనీ, అందుకు కాంటెక్స్ట్ ఫ్రీ నియమాలు చాలవనీ 1985లో స్టువర్ట్ షైబర్ నిరూపించినారు.

మనకు దీనితో ఏం పని?

అన్నం పెట్టే చదువేనా ఇది అని ఎవరైనా అడగవచ్చు. రాయలసీమలో, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు, మనిషి మాటను కంప్యూటరుకు వినిపించే పరిశోధనలో పేరు తెచ్చుకుని 1994లో ట్యూరింగ్ బహుమానం అందుకున్నారు. 1976లో ఆయన శిష్యబృందం తయారుచేసిన హార్పీ అనే యంత్రానికి తెలిసిన మాటలు 1,011. అది వాక్యాలను పట్టుకున్నది క్లీనీ మెట్టు మీది గొలుసుకట్టుతోనే. ఈనాటి యంత్రాలు కోట్ల మాటలు చదివి భాష నేర్చుకుంటున్నాయి. అయినా కంప్యూటరు ఆదేశాలు రాసే భాషలన్నీ ఇంకా ఆ 1960 నాటి వ్యాకరణ పద్ధతి మీదనే నడుస్తున్నాయి. ఊరు చిన్నదైనా, చదివిన భాష ఏదైనా, ఈ విద్యకు అడ్డం కాదు.

అందుకే తల్లిదండ్రులకు నాదొక మనవి. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, మక్తబ్‌లో అరబ్బీ అక్షరాలు, బడిలో ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు. ఇన్ని భాషలు భారమని అనుకుంటున్నాము గాని, ఖలీల్ గారి కళ్ళతో చూస్తే అది ఆస్తి. 'ఆడపిల్లకు లెక్కలెందుకు, భాషలు చాలు' అని పదవ తరగతి తర్వాత ఆమె దారి మూసేయకండి. అల్-జబ్ర్ పుస్తకంలో కూతురి వాటా కూడా లెక్కకట్టి ఉన్నది. చదువులో మాత్రం ఆమె వాటా మనం ఎందుకు ఎగ్గొట్టాలి?

ఈ రాత్రి ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టి నాలుగు జతల బ్రాకెట్లు ఇచ్చి, సరైన వరుసలు ఎన్నో రాయమనండి. పదునాలుగూ వచ్చేదాకా లేవనివ్వకండి. ఆ తర్వాత వాటిని 1, 6, 6, 1గా వాటాలు వేయమనండి. అది లెక్కా, వ్యాకరణమా అని పిల్లలు అడిగితే, రెండూ అని చెప్పండి.